తాళాల గుత్తి మామ్మ

పేటలోని గ్రంథాలయంలో మామ్మ ఆయా. ముక్కు కొసకు జారే కళ్ళజోడు, నడుముకు వేలాడే తాళాల గుత్తి. ఆవిడ నడిచొస్తుంటే ఎడ్లబండి వస్తున్నట్టే ఉంటుంది. మిల్లు మూతపడ్డాక పనిలేనివాళ్ళూ, రాత్రి కాపలా కాసేవాళ్ళూ అక్కడి ఫ్యాను కిందికే చేరతారు. నిద్రపోరాదని గోడమీద బోర్డుంది. మామ్మ ఆ బోర్డుమీదే తన గొడుగు తగిలిస్తుంది. కునికేవాళ్ళ ముందు తలా ఒక పుస్తకం తెరిచిపెట్టి, "నా తాళాలు మోగితే పేజీ తిప్పండి, మిగతాది నేను చూసుకుంటా" అని నేర్పింది. ఆవిడకు చదువు అంతంతమాత్రమే.

చదివేవాళ్ళు లేరు, మూసేద్దామంటూ ఒకనాడు ఆఫీసరు వచ్చాడు. తాళాలు గలగలమన్నాయి. గదంతా పేజీలు తిరిగాయి. ఒక ముసలాయనైతే కళ్ళు తెరవకుండానే తిప్పాడు.

"ఏమ్మా, ఈయన పుస్తకం తలకిందులుగా ఉందేం?"

"ఎదురుగా కూర్చున్నాయన కూడా చదువుకోవాలి కదా బాబూ! మీరు కొత్తవి పంపి ఎన్నేళ్ళయింది?"

ఆఫీసరు రిపోర్టు రాద్దామని ఫ్యాను కింద కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి కలం జారింది, గడ్డం గుండెకు ఆనింది. మామ్మ పిల్లిలా వెళ్ళి ఆయన ముందూ ఒక పుస్తకం తెరిచింది. ఈసారి బొమ్మ చూసుకుని తిన్నగానే పెట్టింది. ఆపైన గుత్తి ఒక్క ఊపు ఊపింది. ఆఫీసరు ఉలిక్కిపడి, చుట్టూ చూసి, అందరితోపాటు తనూ ఒక పేజీ తిప్పాడు.

"చదివేవాళ్ళ లెక్క రాసుకోండి బాబూ," అంది మామ్మ, "మిమ్మల్ని కూడా కలుపుకుని."