చచ్చిన చెవిలో మోత

మా ఇంట్లో నా ఎడమ చెవి చచ్చిపోయి చాలా కాలమైంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి చీము కారిందట, అంతటితో ఆ చెవి పోయిందని అమ్మ తేల్చేసింది. నేనూ నమ్మాను. ఇప్పుడు అరకులో పాఠాలు చెబుతున్నాను, ఎడమవైపు వరుస పిల్లలు ఏమడిగినా నాకు అందదు. అదేమిటో పిల్లలు కూడా నా ఎడమవైపే చేరి గుసగుసలాడతారు. ఇక భరించలేక, ఆశ ఉందో లేదో తేల్చుకుందామని చెవుల క్యాంపుకు వెళ్లాను. దండగంటూనే అమ్మ వెంట వచ్చింది.

డాక్టరమ్మ రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని మోచేతికి కొట్టి నా నుదుటి మీద ఆనించింది. ట్యూనింగ్ ఫోర్క్ అంటారట.

"మోత ఎటువైపు వినబడుతోందమ్మా?"

మోత ఎడమ చెవిలో! అదీ గట్టిగా! చెవిటి చెవిలో వినబడుతోందంటే ఈవిడ నవ్వదూ? పంతులమ్మకు మతి చెడిందనుకోదూ?

"కుడివైపండి" అనేశాను.

"అయితే ఎడమవైపు నరం దెబ్బతిన్నట్టుంది. నరం పోతే ఆపరేషన్ వల్ల లాభం ఉండదు" అందావిడ.

"నాను సెప్పనేదేటి? ఆ సెవి సచ్చిపోనాది" అంది అమ్మ, పందెం గెలిచినట్టు.

డాక్టరమ్మ మాత్రం నన్ను లేవనివ్వలేదు. ఫోర్కును కుడి చెవి వెనక ఎముక మీద పెట్టి, వేలితో ఆ చెవి మూసింది. మోత ఒక్కసారిగా పెరిగింది. వేలు తీస్తే తగ్గింది. ఎడమవైపూ అలాగే చేసింది. మూసినా తీసినా మోత ఒక్కలాగే ఉంది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "నరం దెబ్బతిన్న చెవైనా మూస్తే మోత పెరగాలి. పెరగలేదంటే శబ్దం లోపలికెళ్లే దారిలోనే ఏదో లోపముంది. మరి ఇందాక కుడివైపని ఎందుకన్నారు?"

సిగ్గు విడిచి చెప్పాను.

"అందుకేగా అడిగింది! దారిలో లోపముంటే ఎముక మీది మోత ఆ చెవిటి వైపే గట్టిగా వినబడుతుంది."

అప్పుడు లైటు వేసి చూసింది. కర్ణభేరికి చిల్లు. విశాఖలో ఆపరేషన్ చేసి మూస్తారట, వినికిడి చాలావరకు రావచ్చట. ఎవరో నవ్వుతారని ఒక్క మాట మార్చి, బతికున్న చెవిని నా నోటితో నేనే పాతిపెట్టబోయాను.

"ఇన్నేళ్లలో ఈ చెవిలోకి ఎవరూ చూడలేదా?" అందావిడ.

"పసర్లు పోసినామండి. తాయెత్తు కట్టినామండి. అమ్మోరికి కోడిని మొక్కినాం" అంది అమ్మ. నా వైపు చూసింది. "సూడ్డమంటే... ఎవులూ సూడనేదండి."