తీసిపెట్టిన గాలి

శని గ్రహం దాటాక ఉన్న ఆ కావలి ఠాణాలో దిగినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కొండంత నల్లరాయి. దాని పొట్టలో తొలిచిన బంకరు. బయట మైనస్ రెండు వందల డిగ్రీల చలి. గాలి లేదు. సూర్యుడు చిన్న తెల్లటి చుక్క. రవాణా ఓడల దారిలోకి వచ్చే రాళ్లను కనిపెట్టి రేడియోలో చెప్పడం మా డ్యూటీ. నక్షత్రాలు దగ్గర్నుంచి ఎంత బాగుంటాయోనని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఏం బాగు, నా మొహం! చెమట కంపు కొట్టే సూటు, గొట్టంలోంచి పిండుకునే తిండి.

నలుగురం. పరాయి యాసల మధ్య ఏడాదులు గడిపితే మనిషికి పిచ్చెక్కుతుందని, సైన్యం ఒక ప్రాంతం వాళ్లను ఒకేచోట వేసేది. కమాండర్ అక్కది మహబూబాబాద్. మెకానిక్ అన్నది కేసముద్రం. పైలట్‌ది మహదేవపూర్. రేడియో దగ్గర కూర్చునే నాది బచ్చన్నపేట.

మొదట్లోనే ఒక సంగతి తేలింది. తాతముత్తాతల కాలంలో, సాయుధ పోరాటం నాడు, మా అందరి ఇళ్లలోనూ ఒకటే ఆనవాయితీ. అడవిలోకి పోయిన మనిషికి ఇంట్లో రోజూ ఒక ముద్ద తీసిపెట్టేవారు. చచ్చిపోయాడని కబురొస్తే చాలదు. కళ్లారా చూసినవాళ్లు వచ్చి చెప్పాలి. అప్పటిదాకా ఆ ముద్ద ఆగకూడదు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ల కోసం మా ఇళ్లలో ఇంకా తీసిపెడుతూనే ఉన్నారు. పైలట్ గస్తీకి వెళ్లినప్పుడల్లా అతని వాటా మేమూ అలాగే పక్కన పెట్టేవాళ్లం.

ఒక రోజు అతను గస్తీలో ఉండగా రాళ్ల వాన కురిసింది. ఒక రాయి మా యంత్రాల గదిని గుద్దింది. ఆక్సిజన్ తయారుచేసే యంత్రం అంటుకుంది. మెకానిక్ అన్న ముసుగు కూడా తగిలించుకోకుండా లోపలికి ఉరికి మంట ఆర్పాడు. మేం బతికాం. ఆయన ఊపిరితిత్తులు కాలిపోయాయి.

అంతలో రేడియోలో పైలట్ గొంతు.

"ఠాణా, ఇంజిన్ దెబ్బతిన్నది. మెల్లగ వస్తున్న. నా ముద్ద నాకు ఉంచుండ్రి."

"ఉంచుతం గని, నువ్వైతే జల్ది రా," అన్నాను.

తర్వాత గరగర. ఆ తర్వాత అదీ లేదు.

మంట ఆరింది గానీ యంత్రం ఇక పనిచెయ్యదు. తలా ఒక గాలి సిలిండర్ మిగిలింది. నాలుగోది పైలట్‌ది. సాయం ఓడ వచ్చేదాకా అవే దిక్కు. పొదుపుగా పీల్చుకుంటే అక్కకీ నాకూ సరిపోయి కొంచెం మిగులుతుంది. కాలిన ఊపిరితిత్తులకి ఎక్కువ గాలి కావాలి, అన్నకి చాలదు. మా ఇద్దరి వాటాల్లోంచీ ఆయనకి కొంత ఇచ్చాం. అదీ అయిపోవచ్చింది. రోజులు గడిచాయి. పైలట్ పడవలో గాలి ఈపాటికి అయిపోయి ఉండాలి. జాడ తెలియని మనిషి వాటా మిగిలినవాళ్లకి పంచాలని సైన్యం నియమం.

అక్క నాలుగో సిలిండర్ తెచ్చింది. అన్న దాని మూత మీద చెయ్యి పెట్టాడు.

"వద్దక్కా."

నాకు ఒళ్లు మండింది. "వాడు పోయిండన్నా! ఇంకెవ్వని కోసం దాస్తున్నవ్?"

"నువ్ చూసినవా?"

"చూడలే."

"మరి?"

"గిది నా ఆర్డర్. పెట్టుకో," అంది అక్క.

అన్న నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. "వాపసు పోయినంక నా మీద కేసు పెట్టక్కా."

బలవంతంగా ముసుగు పెట్టాం. పీకేశాడు. రెండోసారి పెట్టబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకునే నా ఒళ్లో పోయాడు. నేను గొంతెత్తి ఏడ్చాను. గాలి వృథా అవుతుందని అక్క నా నోరు మూసింది. ఆమె కళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

మేమింకా ఆయన దగ్గర్నుంచి లేవలేదు, ద్వారం దగ్గర ఎర్రదీపం వెలిగింది. బయట పైలట్. తలుపు తియ్యగానే లోపలికి కూలాడు. పడవలో గాలి అయిపోయాక సూటులోది పీల్చుకుంటూ వచ్చినట్టున్నాడు, దాని ముల్లూ సున్నా మీద ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. అక్క అతని సిలిండర్ విప్పి ముసుగు మొహానికి నొక్కింది. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"అన్నేడి?" అన్నాడు.

సాయం ఓడ వచ్చింది. ఇంటికి చేరాం. పైలటూ నేనూ కేసముద్రంలో అన్న ఇంటికి వెళ్లాం. కొడుకు పోయాడని సైన్యం అప్పటికే అన్నని కన్న అవ్వకి కబురు పంపింది. అయినా పొయ్యి పక్కన మూతపెట్టిన పళ్లెం ఉంది.

"మీరు చూసిండ్రా?" అంది.

"నేను చూసిన అవ్వా. నా ఒళ్లెనే పోయిండు."

గాలి ఎందుకు చాలలేదో, ఎవరి కోసం వద్దన్నాడో అంతా చెప్పాను. పైలట్ తల ఎత్తలేదు. అవ్వ లేచి, ఆ పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. అన్నం, పచ్చిపులుసు.

"నాకొద్దవ్వా."

"తినకుంటే ఎట్ల బిడ్డా? నువ్ తినకుంటే నా కొడుకు ఎందుకు పోయినట్టు?"

అతను తిన్నాడు. ఏడుస్తూ, పొలమారుతూ తిన్నాడు. అవ్వ నీళ్లు అందించింది గానీ అతని మొహం వైపు చూడలేదు. లేచి పడుతున్న అతని ఛాతీనే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లయినా నాకు కళ్లు మూస్తే ఆమె అలా కూర్చునే కనిపిస్తుంది.