ఫ్లెక్సీ వెనకవైపు

మా చెల్లెలి కూతురు పోయింది. ఈ పత్రిక చదివేవాళ్లకు ఆ కబురు ఈపాటికి తెలిసే ఉంటుంది. బస్టాండు బాత్రూముల మీద, లీడర్ల పుట్టినరోజుల మీద మీరు ఇందులో చదివిన ఘాటు మాటలు రాసింది ఆ పిల్లే. జర్నలిజం చదువుతూ ఉండింది. మామూలు జ్వరమే అనుకున్నాం. నంద్యాల నుంచి కర్నూలుకు తీసుకుపోయినాం. తిరిగి తెచ్చి ఆళ్లగడ్డలో మట్టికి అప్పగించినాం. దాని గురించి ఇంతకంటే రాయలేను. ముందు ఒక పొద్దున గురించి రాస్తాను.

వారంలో ఆరు రోజులు ఆ పిల్ల నంద్యాలలో నా దగ్గరే ఉండేది. ఆ పొద్దున నేను ప్రార్థన ముగించుకుని, ఉగ్గానికని బొరుగులు నానేసి పిండుతున్నాను. ఆ పిల్ల జడలో పెన్ను గుచ్చుకుని, వెనక గడప మీద కూర్చుని పేపరు పరిచింది.

"పెద్దమ్మా, ఇను. లీడరు పుట్టినరోజంట. ఆసుపత్రిలో రోగులకు పండ్లు పంచినారంట. ఫోటో సూడు. అరటిపండు ఒకటి, పట్టుకున్న చేతులు పది."

"రోగి యాడ?" అన్నాను.

"ఈడ మూలన మోచేయి కనపడ్తాంది గదా. అదే రోగి."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. పేపరు మడిచి, సబ్బు తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది. పేపరు చదివినాక చేతులు కడుక్కోవడం ఆమెకు అలవాటు.

"సిరా అంటిందా?"

"సిరా కాదు పెద్దమ్మా, వార్తలు అంటినాయి."

కొళాయి తిప్పితే ఎర్రటి నీళ్లు వచ్చాయి. నేను ఎప్పటిలాగే బిందె మూతికి గుడ్డ కట్టబోయాను. ఆ పిల్ల నా చేయి పట్టుకుని ఆపింది. ఆ నీళ్లను గాజు గ్లాసులో పట్టి, ఎండకు ఎత్తి, ఫోటో తీసింది.

"ఇన్నేండ్లూ వడగట్టుకుని తాగినాం. ఓర్చుకోవాల గదమ్మా" అన్నాను.

"ఇది ఓర్పు కాదు పెద్దమ్మా, అలవాటు."

ఉగ్గాని తిని, బజ్జీ ఒకటి చేత పట్టుకుని, ఆటో కోసం పరిగెత్తింది. ఆ పొద్దున ఇంకేమీ జరగలేదు. ఆ గ్లాసు ఫోటో మీరు ఈ పత్రికలోనే చూశారు. నీళ్లు ఇప్పటికీ ఎర్రగానే వస్తున్నాయి. కానీ ఆ రోజు నుంచి నేను దాన్ని ఓర్పు అనడం మానేశాను.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. నా వంతు కూడా ఆ పిల్లే మాట్లాడేది. ఆ మాటల్లో చాలా భాగం రోత. బస్సులో ఫోను గట్టిగా పెట్టి అందరికీ వినిపించేవాళ్లంటే రోత. ఆడపిల్లలు చేయెత్తినా ఆపకుండా, అంత దూరం పోయి ఆపి పరిగెత్తించే డ్రైవరంటే రోత. పార్టీ మారిన లీడరును చూసి, "ఫ్లెక్సీలో రంగు మారింది పెద్దమ్మా, నగు మాత్రం పాతదే" అనేది.

పేరు కోసం తాపత్రయపడడం అంతకంటే రోత. మా గుడిలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాసి ఉంటాయి. ఆ పిల్ల ఆళ్లగడ్డకు పోకుండా నా దగ్గరే ఉండిపోయిన ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. రెక్కలు మెల్లగా ఆగాయి. అందరూ విసనకర్రల కోసం చూస్తుంటే ఈ పిల్ల తల పైకెత్తి, నా చెవిలో, "కరెంటు పోతేనే వీళ్లకు పేరొస్తాది" అంది. పాస్టరయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తరవాత ఆమెకే పేరొచ్చింది. బస్టాండు బాత్రూముల కంపు మీద ఆమె తీసిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. ఆ శనివారం ఆళ్లగడ్డకు పోయి బస్టాండులో దిగితే ఎవరెవరో చుట్టుముట్టారంట. వాళ్లింటికి పోయి నాకు ఫోను చేసింది. "అదే బాత్రూం ముందర నన్ను నిలబెట్టి ఫోటోలు దిగుతాండారు పెద్దమ్మా. లోపల నీళ్లు మాత్రం రావు. థూ."

ఆళ్లగడ్డలో వాళ్ల కాలనీ మలుపు దగ్గర, హైవే మీద, బస్సు ఆగే చోట నీడ లేదు. సోమవారం పొద్దున నంద్యాల కాలేజీలకు పోయే పిల్లలంతా అక్కడే నిలబడాలి. చాగలమర్రి వైపు నుంచి వచ్చే బస్సులు నిండుగా వచ్చి ఆగకుండా పోతే, ఎండ నడినెత్తికి వచ్చిందాకా నిలబడాలి. అక్కడికి కాస్త దూరంలో కంకులు కాల్చి అమ్మే ఆమె మాత్రం, గుంజలకు పాత ఫ్లెక్సీ ఒకటి కట్టుకుని దాని కింద కూర్చుంటుంది. అది లీడరు ఎన్నికలప్పటి ఫ్లెక్సీ. "గెలిచినాక ఆయప్ప చేసిన పని ఇదొక్కటే పెద్దమ్మా. ఈయమ్మకు నీడ" అని చూపించింది నాకు. ఆ మలుపు గురించి రాసింది. మళ్లీ రాసింది. ఎవరూ పలకలేదు.

పలికినవాడు ఒకడున్నాడు. లీడరు మనిషి. నా చెల్లెలి భర్తకు ఫోను చేశాడు. నా మరిది ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డులో పనిచేస్తాడు. చెక్కిన బొమ్మలను రుద్ది నునుపు చేసే పని. "ఏందప్పా, నీ బిడ్డ శానా రాస్తాంది. ఆడపిల్ల. జాగర్త చెప్పుకో" అన్నాడంట. అప్పుడు షెడ్డులో నడుస్తున్నది ఆ లీడరు తండ్రి విగ్రహమే. మరిది భయపడి, "నీకెందుకుమా ఇయన్నీ" అని బిడ్డను బతిమాలాడు.

"నువ్వు ఆయప్పోళ్ల మొహాలు నున్నగా రుద్దుతాండావ్ నాయనా. ఎవరో ఒకరు గరుగ్గా రాయల్ల గదా" అంది. మరిది ఆ మాట నాకు చెప్పి, తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక తల గోక్కున్నాడు.

సమాధుల తోట నుంచి మేం ఇంటికి వచ్చేసరికి, చెల్లెలి ఇంటి ముందుగోడ పొడుగూతా ఫ్లెక్సీ కట్టి ఉంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. చేతులు జోడించిన లీడరు ముఖం చాటంత. కింద వరుసగా ఆయన మనుషుల ముఖాలు. ఒక మూల పళ్లెమంత మా పిల్ల. బాత్రూముల వీడియోలోంచి తీసిన బొమ్మ; మాట మధ్యలో నోరు తెరిచి ఉంది. 'మా పార్టీ ఆడబిడ్డకు అశ్రునివాళి' అని రాశారు.

మా పార్టీ ఆడబిడ్డ.

కోపం వచ్చినప్పుడు నేను మోకరించి, దాన్ని తీసెయ్యమని ప్రభువును అడుగుతాను. ఆ రోజూ మోకరించాను. కోపం తీసెయ్యమన్నాను. రోతను తీసెయ్యమని మాత్రం అడగలేదు. అది ఆ పిల్ల నాకిచ్చి పోయింది.

ఆ పిల్ల కోసం పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనలు అయిపోయి జనం భోజనాలు చేసి పోయినాక, ఆ ఫోను చేసిన మనిషే దండ పట్టుకుని వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అక్కా, అన్న శానా బాధపడినాడు. అన్నం తినలేదు. పాప రాసేది గదా, మలుపు కాడ నీడ లేదని. అన్న బస్ షెల్టరు కట్టిస్తాడు. పాప పేరే పెడ్తాడు. పైన అన్న ఫోటో, పక్కన పాప ఫోటో. ప్రారంభానికి పాప వాళ్లమ్మ వచ్చి మైకులో రెండు మాటలు చెప్తే చాలు. ఎన్నికలు వస్తాండాయి, అంతలోపల బేగా అయిపోవల్ల. రేపు పొద్దునకు చెప్పండి."

అతను పోయినాక నేను పెరట్లోకి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

ఆ సాయంత్రం మేం ముగ్గురం కూర్చున్నాం. నేను, చెల్లెలు, మరిది.

"నీడ కావల్లని అడిగింది గదా వదినా బిడ్డ" అన్నాడు మరిది. "ఇప్పుడు వస్తాంది. ఎవరు కట్టిస్తే ఏముంది?"

చెల్లెలు నా వైపు చూసింది. "నా బిడ్డ పేరు యాడో ఒకచోట ఉండల్ల అక్కా. బస్సెక్కే పిల్లోల్లు చదవల్ల. నేను పోయినాక కూడా ఆ పేరు ఆడ ఉండల్ల."

తల్లి అడిగింది. నేను ఒక్కటే అడిగాను.

"మైకులో ఏం చెప్తావ్?"

"ఏముందక్కా. ఇట్ల మా బిడ్డంటే అన్నకు శానా అభిమానమని... మా బిడ్డను అన్న సొంత..."

అక్కడ ఆగిపోయింది. తన నోట్లో నుంచి వచ్చిన మాట తనకే వినపడింది. ముఖం అదోలా పెట్టింది. సరిగ్గా పేపరు మడిచేటప్పుడు ఆ పిల్ల పెట్టే ముఖం.

"థూ" అంది.

లేచింది. కుట్టుమిషను మీద కత్తెర తీసుకుంది. జాకెట్లు కుట్టే చేయి అది, గీత గీయకుండానే తిన్నగా కోస్తుంది. బయటికి పోయి, ఫ్లెక్సీ మూలన బిడ్డ ముఖం చుట్టూ చదరంగా కోసి, ఆ ముక్కను మడవకుండా రెండు చేతులతో పట్టుకుని లోపలికి వచ్చి, బైబిలు పక్కన పెట్టింది.

మరిది పోయి తాళ్లు విప్పాడు. ఫ్లెక్సీ బోర్లా పడింది. వెనకవైపు అంతా తెలుపు. వేళ్లతో నలిపి చూసి, "గట్టి సరుకే" అన్నాడు. మలుపు దగ్గర కంకులమ్మే ఆమె గురించి నేను చెప్పబోయాను. చెప్పనక్కర లేకపోయింది. మరిది అప్పటికే, షెడ్డు వెనక పాత గుంజలున్నాయని, గుంతలు పొద్దున్నే తవ్వితే సోమవారం పిల్లలు వచ్చేసరికి అయిపోతుందని అంటున్నాడు.

"ఆయప్పకేం చెప్పల్ల?" అన్నాడు తరవాత.

"షెల్టరు కట్టుకోమను. బిడ్డ పేరు మాత్రం మేం ఇయ్యం అని చెప్పు" అంది చెల్లెలు.

"పేరియ్యకపోతే కడతాడా?"

"కట్టడు."

"షెడ్డులో నన్నేమంటారో."

విప్పిన తాళ్లు చుట్ట చుట్టుకుంటూ మళ్లీ మరిదే, "అననీ" అన్నాడు.

అట్ల తీర్మానించుకున్నాం. పేరు ఇవ్వం. మైకు దగ్గరికి పోం. ఆ ఫ్లెక్సీని మలుపు దగ్గర నాలుగు గుంజలకు కడతాం. ముఖాలు ఎండకు, తెలుపు పిల్లల వైపుకు. పైనుంచి చూసేవాళ్లు కాకులే కాబట్టి లీడరు చేతులు జోడిస్తే కాకులకే జోడిస్తాడు.

చివరికి మరిది ఆ మూల బొక్కలో చేయి పెట్టి, "ఈడ ఎండ పడ్తాది. అతుకేద్దామా?" అని అడిగాడు.

చెల్లెలు వద్దంది. నేనూ వద్దన్నాను. ఆ నీడలో ఒక మూల, బిడ్డ ముఖమంత వెలుతురు పడితే పడనీ అనుకున్నాం.