పెంటకుప్ప మీదికి విసిరిన బుట్ట

ఇవాళ పొద్దున కూడా చెత్తబండి పాట పాడుకుంటూ మా జగ్గయ్యపేట వీధిలోకి వచ్చింది. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని మైకులో ఒకటే పోరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నందిగామలో ఉన్న మా తోటికోడలు గుర్తొచ్చి కడుపు చల్లబడుతుంది. నా ఈడు ఆడవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరనే అనుకుంటున్నాను.

మా అమ్మ వత్సవాయిలో చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంటి ఇల్లాలు. కొట్లో చిరిగిన పొట్లం ముక్క కూడా పారేసేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే కాగితాలన్నీ కుండలో నానేసి, మెంతులు కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి, ఆరబెట్టి బుట్టలు చేసేది. మీ ఇళ్లలోనూ చేసే ఉంటారు. అసలు ఆ రోజుల్లో చెత్త అనేదేముంది, తొక్కలు గేదె కుడితిలోకి, బూడిద అంట్లకి, పాత చీరలు బొంతలకి పోయేవి.

నా తొలికాన్పయ్యాక నన్నూ పసిబిడ్డనూ అత్తారింట దిగబెట్టడానికి వస్తూ అమ్మ సున్నుండల సారెను తను చేసిన కొత్త బుట్టలో, దానికి పసుపు రాసి బొట్లు పెట్టి మరీ తెచ్చింది. మా అత్తారివాళ్లది హోల్‌సేల్ వ్యాపారం, ఇంటి నిండా చుట్టాలు. మా తోటికోడలు ఆ బుట్టను వేళ్ల కొసలతో అందుకుని, సున్నుండలు స్టీలు పళ్లెంలోకి దొర్లించి, బుట్టను పెరట్లో పెంటకుప్ప మీదికి విసిరేసింది. “మా ఇంట్లో చిత్తుకాగితాల్లో తినరు పిన్నిగారూ” అంది నవ్వుతూ. చుట్టాలూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది గానీ భోజనానికి ఆగకుండా బస్సెక్కేసింది, మళ్లీ బతికుండగా మా గడప తొక్కలేదు. ఈవిడ చేత చెత్త ఎత్తించకపోతే నేను మా అమ్మ కూతుర్నే కాదని ఆ రోజే అనుకున్నాను.

కాలం ఎవరినీ ఊరికే వదలదు. నందిగామలో మేడ కట్టుకున్న ఆవిడకి అన్నీ ఒకే కవరులో ముడేసి గేటు బయట పెట్టడం అలవాటు. పోయిన వేసవిలో చెత్తబండి మనిషి, వేరు చేయనిది తీసుకోనని కవర్లు అక్కడే వదిలేశాడు. కుక్కలు వాటిని లాగి వీధంతా పరిచాయి. పక్కింటివాళ్ల ఆవు కవరు మింగి చచ్చి బతికింది. ఇరుగుపొరుగు గొడవకొచ్చారు, పనిమనిషి మానేసింది. అప్పుడు నాకు ఫోను చేసింది. “అక్కా, నాకేం పాలుపోవట్లా. ఒకసారి రావా?”

ఇన్నేళ్లూ నేను ఎదురుచూసింది ఆ పిలుపు కోసమే. సున్నుండలు చుట్టుకుని మరీ వెళ్లాను. వరండాలో కుర్చీ వేయించుకుని, కాఫీ తాగుతూ, కవర్లన్నీ ఆవిడ చేతే విప్పించాను. తొక్కలు ఇటు, ప్లాస్టిక్ అటు, కాగితాలు నా ముందు. వీధివాళ్లు గేటు దగ్గర నిలబడి చూస్తుంటే నేనేమీ తొందరపడలేదు. ఆ కాగితాలే కడిగించి, నానేయించి, మెంతులు వేసి ఆవిడ చేతే రుబ్బించాను. మిక్సీ ముట్టుకోనివ్వలేదు. బుట్ట ఆరేదాకా అక్కడే తిష్ఠ వేసి, ఆరాక నా సున్నుండలు అందులో పోసి ముందు పెట్టాను.

“తిను” అన్నాను.

ఆవిడకి అంతా గుర్తుంది. తల వంచుకుని తింది. “పిన్నిగారు ఉంటే కాళ్లు పట్టుకునేదాన్నక్కా” అంది.

ఇప్పుడు ఊళ్లో బండి పెట్టి, మైకు పెట్టి చెప్పిస్తున్నదంతా అమ్మ నోరు మెదపకుండా చేసిన పనే. అప్పుడు నవ్విన నోళ్లే ఇప్పుడు గొప్పగా చెబుతున్నాయి. తోటికోడల్ని క్షమించావా అని మా అమ్మాయి అడుగుతుంది. పగ తీరింది గానీ, క్షమించడం నా చేతుల్లో లేదు. క్షమించాల్సిన మనిషి ఆ రోజు అన్నం తినకుండా బస్సెక్కి వెళ్లిపోయింది.