మైనం కింద పేర్లు

నది ఒడ్డు ఊరు మొంపోస్‌లో ఊగుడు కుర్చీ లేని ఇల్లు లేదు, ఎదిల్మా రోయెరో చెయ్యి పడని కుర్చీ అంతకన్నా లేదు. ఆమె తండ్రి వడ్రంగి. ఆయన చేసిన సామానుకి మెరుగు పెట్టడం చిన్నప్పటి నుంచీ ఆమె వంతు. ఆయన పోయాక ఉలీ బాడిసా అన్నీ ఎవరెవరికో వెళ్లిపోయాయి, మైనం డబ్బా ఒక్కటే ఆమె దగ్గర మిగిలింది. వేడినీళ్ల గిన్నెలో ఆ డబ్బా దించి తేనెమైనం కరిగించేది. పొయ్యికి దూరంగా తెచ్చాకే టర్పెంటైన్ కలిపేది. చల్లారి వెన్నలా అయ్యాక పాత గుడ్డతో తీసి, చెక్క జీర వెంబడే పల్చగా పట్టించేది. ఆరనిచ్చి, బ్రష్షు కొట్టి, ఉన్ని గుడ్డతో రుద్దితే చెక్క లోపల్నించి వెలుగొచ్చినట్టు ఉండేది. నది తేమకి ఆ ఊళ్లో ఏ చెక్కయినా ఊరికే బూజు పడుతుంది. అందుకని ఏడాదికోసారైనా ఆమెని పిలవాల్సిందే.

ఈస్టరు ముందు వారంలో నది మధ్య లంక నుంచి బెనిల్దా తురీసో పడవ పంపేది. లంకలో ఆమెకి పశువులూ, అరటితోటా ఉండేవి. ఇంటి మధ్యలో ఎర్ర దేవదారు బల్ల. ముగ్గురు పిల్లలు పుట్టినప్పుడు మొగుడు ఆ బల్ల అంచున వాళ్ల పేర్లు కత్తితో చెక్కాడు: రోస్మీరా, అబెలార్దో, తూలియా. మొగుడు పోయాక బెనిల్దా ఆ అంచుని ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు, ఎదిల్మాని తప్ప. ఎదిల్మా అక్షరాల గాడిలో మైనం నిలవకుండా పుల్లకి గుడ్డ చుట్టి తుడిచేది. పని అయ్యాక అదే బల్ల మీద ఇద్దరూ చేపల పులుసూ కర్రపెండలమూ తినేవాళ్లు.

తర్వాత తుపాకులవాళ్లు వచ్చారు. లంకలో ఇళ్లు ఖాళీ అయిపోయాయి. బెనిల్దా కుటుంబం కట్టుబట్టలతో పడవెక్కిందని మాత్రం తెలిసింది. ఎక్కడికని ఊళ్లో ఎవరూ అడగలేదు. అడగడానికి నోరు రాలేదు.

రెండు వర్షాకాలాలు గడిచాయి. లంక భూములన్నీ ఇప్పుడు తనవేనంటున్న హిల్దార్దో అనే మనిషి నది ఒడ్డున పెద్ద ఇల్లు కొని, ఎదిల్మాకి కబురు పెట్టాడు. ఆమె వెళ్లింది. వాకిట్లో ఎర్ర దేవదారు బల్ల ఉంది. మరకలు పడి, ఎండి, దిక్కులేనిదానిలా ఉంది. ఎదిల్మా దాని అంచు వైపు చూడకుండా నిలబడింది.

"ఈ బల్ల నీకు తెలుసా?" అన్నాడు హిల్దార్దో.

"ఊళ్లో బల్లలన్నీ ఒక్కలాగే ఉంటాయయ్యా."

"మంచిది. అద్దంలా చెయ్యి. అంచున ఏవో రాతలున్నాయి, అవి పోవాలి."

"చిత్రిక పడితే అంచు పల్చబడి చీలుతుందయ్యా. మైనంతో పూడుస్తాను, కనపడవు."

అంచు చీలదు. దేవదారు మెత్తని చెక్క, చిత్రికకి చక్కగా లొంగుతుంది. నోట్లోంచి అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. మైనంలో గుగ్గిలమూ ఎర్రమట్టీ కలిపి, వేడిగా ఉండగానే ఒక్కొక్క అక్షరాన్నీ నింపింది. పైన మెరుగు పెట్టింది. హిల్దార్దో వేలితో తడిమి చూసి తలాడించాడు.

ఇంటికొచ్చి చెప్తే పడవ నడిపే మొగుడు విల్ఫ్రీదో కంచం పక్కకి తోసేశాడు.

"మతుండే చేశావా? మైనం ఎండకి మెత్తబడదూ?"

"ఇంట్లో నీడలోనే ఉంటుందిలే బల్ల."

"వాడి కోపం నీడలో ఉంటుందా? ఆ పేర్ల కోసం మన పేర్లు సమాధి మీదకి ఎక్కించేట్టున్నావు."

ఆనాటి నుంచి ఎండ కాసినప్పుడల్లా ఆమెకి గుండె దడే. మబ్బు పడితే కాస్త ఊపిరాడేది. వీధిలో మోటారుసైకిలు ఆగితే చేతిలో పని జారిపోయేది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. హిల్దార్దో చుట్టాలకి విందు చేసి, బల్లని పెరట్లో వేయించాడు. మధ్యాహ్నం ఎండకి గాడిలో మైనం మెత్తబడి కారింది. దానికి దుమ్ము అంటుకుని, మూడు పేర్లూ మునుపటికన్నా నల్లగా, తేటగా తేలాయి. చుట్టాలు వెళ్లగానే ఎదిల్మాని పిలిపించాడు.

"చదువు," అన్నాడు.

"నాకు చదువు రాదయ్యా."

"అయితే చెక్కడం వస్తుందిగా. వడ్రంగి కూతురివట." పక్కనున్న మనిషి చిత్రిక తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వే చెయ్యి. నేను చూస్తాను."

ఆమె చేసింది. మొదట రోస్మీరా, తర్వాత అబెలార్దో, చివర తూలియా. పొట్టు చుట్టలు చుట్టుకుని పాదాల మీద పడింది. పచ్చి చెక్క వాసన లేచింది. అంచు ఎక్కడా చీలలేదు. హిల్దార్దో అది కూడా గమనించి నవ్వాడు. "నువ్వు భలేదానివే," అన్నాడు. ఆ నవ్వుకి ఆమె తుపాకీకన్నా ఎక్కువ భయపడింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకి హిల్దార్దో ఊరు విడిచి పారిపోయాడు. బల్ల ఏమైందో ఎవరికీ తెలియదు. ఎదిల్మా దాని మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఒక రోజు సంతలో బెనిల్దా కూతురు తూలియా ఎదురుపడింది. బాగా పెద్దదైపోయింది. "అత్తా, అమ్మ బారంకియా పట్నంలో ఉంది. బల్ల సంగతి ఎవరో చెప్పారు. నిన్నొకసారి రమ్మంటోంది," అంది. ఆమె మొహంలో కోపమో కాదో ఎదిల్మాకి అంతుపట్టలేదు.

వారం పాటు ఏదో ఒక సాకు చెప్పి, ఆఖరికి బస్సెక్కింది. బెనిల్దా ఇరుకు గదిలో ప్లాస్టిక్ బల్ల ముందు కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది.

"కూర్చోవే. ఈ బల్లకి నీ మైనం పట్టదులే, భయపడకు."

ఎదిల్మా కూర్చోలేకపోయింది. "అమ్మగారూ, నేనే..."

"తెలుసు. ముందు ఎవరి పేరు తీశావు?"

"రోస్మీరా పేరు."

"అది బాగానే ఉంది. వంటపని చేసుకుంటోంది." కొవ్వొత్తి పెట్టిన కొడుకు ఫొటో వైపు చూస్తూ అడిగింది. "మరి అబెలార్దో పేరు?"

ఎదిల్మాకి అర్థమైంది. ఆ కొడుకు లేడు. "అది లోతుగా ఉందమ్మా. ఒక పట్టాన పోలేదు. మళ్లీ మళ్లీ తోయాల్సి వచ్చింది."

బెనిల్దా గట్టిగా నవ్వింది. "పోదు మరి! కొడుకు పుట్టాడని వాళ్ల నాన్న తప్పతాగి, బల్లని పొడిచినట్టు చెక్కాడు. మంత్రసాని పరిగెత్తింది కత్తి చూసి." నవ్వుతూ నవ్వుతూనే అరచేతులతో మొహం కప్పుకుంది. ఎదిల్మా పక్కన చతికిలబడి ఆమె మోకాళ్లు పట్టుకుంది. క్షమించానని బెనిల్దా అనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు. లేచి పులుసు వడ్డించింది.

తిరుగు బస్సులో బరువు దిగుతుందనుకుంది ఎదిల్మా. దిగలేదు. రేవులో విల్ఫ్రీదో పడవతో కాచుకుని ఉన్నాడు.

"తిట్టిందా?"

"తిడితే బాగుండేది."

"మరేమంది?"

"మళ్లీ రమ్మంది."

"వెళ్తావా?"

"వెళ్లకేం చేస్తాను," అని ఎదిల్మా గౌను అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని పడవలోకి దిగింది.