పోలమ్మ నూతికి మందు

ఈ ఉదయం మా వీధి నూతిలో బ్లీచింగ్ పౌడరు కలిపి వెళ్లారు. మనవరాలు ముక్కు మూసుకుని, "ఛీ, మామ్మా, కంపు!" అంటూ లోపలికి పరుగెత్తింది. నేను మాత్రం అరుగు మీదే కూర్చున్నాను. ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు సన్యాసిరావు గారు కళ్ల ముందు నిలబడతారు. ఖాకీ నిక్కరు, సైకిలు వెనక పౌడరు డబ్బా, ఆ పౌడరుకు పొట్టు లేచిపోయిన అరచేతులు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. అనకాపల్లికి దగ్గరలోనే మా ఊరు. ఊరికో పంచాయతీ, దానికో ఆరోగ్య శాఖ. శాఖ అంటే పెద్దగా ఊహించుకోకండి, ముగ్గురమే. ఇన్‌స్పెక్టరు సన్యాసిరావు గారు, సూదిమందు వేసే నేను, వీధులూడ్చే గౌరయ్య. ఆ ఏడు పౌడరు కొనడానికి పంచాయతీలో పైకం లేదన్నారు. నూతికి అర్ధరూపాయి రుసుము పెట్టి, ఇచ్చినవాళ్ల నూతిలోనే మందు వెయ్యమని తీర్మానించారు. సన్యాసిరావు గారు వద్దని రాశారు, చెప్పారు, మళ్లీ రాశారు. ఎవరూ వినలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆయనది చాదస్తంగానే తోచింది. నీళ్లు తాగేవాళ్లు డబ్బివ్వరా ఏమిటి? రసీదు పుస్తకం చంకన పెట్టుకుని జిల్లా కలెక్టరు అంత దర్జాగా బయలుదేరాను.

చివరి సందులో పోలమ్మ ఇల్లు. పూడిమడక నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునేది. ఆమె మొగుడు అప్పలస్వామి బెల్లం కొట్లో దిమ్మలు మోసేవాడు. రుసుము మాట వినగానే పోలమ్మ నవ్వేసింది.

"ఏటీ, అర్దరూపాయే? గాలికి పడవలే ఎల్నేదు, సేపలెక్కడివి సూదమ్మా? మా నుయ్యి మంచిదే. ఒగ్గెయ్ తల్లీ!"

"నీ ఇష్టం" అన్నాను. పుస్తకంలో 'నిరాకరించారు' అని గుండ్రంగా రాసుకుని పక్కింటికి వెళ్లాను. ఆమెను ఇంకో మాట అడగలేదు.

పది రోజులకు ఊళ్లో కలరా దిగింది. సూదులు వేస్తూ ఆ సందుకు వెళితే పోలమ్మ తలుపు మూసి ఉంది, తలుపు కింద నుంచి కడిగిన నీళ్లు కారుతున్నాయి. అప్పలస్వామికి జబ్బు చేసి మూడు రోజులైందట. చెబితే నూతికి మందు వేస్తారని, రుసుము అడుగుతారని, దాచారు. నేను తలుపు తోసేసరికే ప్రాణం పోయింది. సన్యాసిరావు గారు వచ్చి ఆ నూతిలో మందు తానే కలిపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను పక్కన నిలబడి ఏడుస్తున్నాను.

"నేను అడిగేను బాబుగారూ. ఆవిడే వద్దంది" అన్నాను.

"ఎందుకొద్దందో అడిగేవా?" అన్నారాయన. కోపం లేదు, అదే ఎక్కువ బాధించింది. "ఈ తలుపు మన రుసుమే మూయించిందమ్మా. ఇంకో తలుపు మూయనివ్వను. రేపు నాతో షావుకారు కొట్టుకి రా."

షావుకారంటే పంచాయతీలో ఆయన మాటకు ఎదురులేదు. బెల్లం బళ్లన్నీ ఆయన కొట్టు ముందే ఆగేవి. నూతుల రుసుము ఎత్తేసి, బెల్లం కొనే షావుకార్లు బండికి అణా ఇచ్చేట్టు చెయ్యాలని సన్యాసిరావు గారి పట్టు. ఊళ్లో చాలామంది "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అన్నారు. మేం వెళ్లేసరికి కొట్టు నిండా రైతులు, బరువులు మోసే కలాసీలు. షావుకారు నవ్వి, భుజం మీది తువ్వాలు తీసి తన చేతిమీద కప్పుకుని ముందుకు చాచాడు. మా దగ్గర బెల్లం బేరం అలాగే తేలేది, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని. ఎంతకు తెగిందో మూడోవాడికి తెలియదు.

"రండి బాబుగారూ, ఓ మాట అనుకుందాం" అన్నాడు.

సన్యాసిరావు గారు ఆ తువ్వాలు తీసి, నీటుగా మడతపెట్టి, తిరిగి ఆయన భుజం మీదే వేశారు.

"బెల్లం ధర గుడ్డ కింద చెప్పుకోండి బాబూ. మందు ధర అందరికీ వినబడాలి. బండికి అణా. నూతికి ఏమీ లేదు."

"మామీద వేస్తే మేం రైతు మీద వేస్తాం. అప్పుడేం చేస్తారు?"

"షావుకారే ఇవ్వాలని బల్లమీద రాయించి ఇక్కడే కడతాను. చదవలేని రైతుకి రోజూ వచ్చి నేనే చదివి వినిపిస్తాను." కలాసీల వైపు చెయ్యి చూపించారు. "మొన్నమొన్నటిదాకా మీ దిమ్మలు మోసిన అప్పలస్వామి నిన్న పోయేడు. మీకెవరైనా చెప్పేరా?"

కలాసీలు మోస్తున్న దిమ్మలు కిందికి దింపారు. షావుకారు వాళ్లవైపు చూశాడు. "అణాయే కదా" అన్నాడు, గట్టిగానే.

తీర్మానం మారింది. సన్యాసిరావు గారు అన్నట్టే రోజూ పొద్దున్నే కొట్టు ముందు నిలబడి ఆ బల్ల చదివేవారు. గొంతు బొంగురుపోయినా మానలేదు. మరుసటేడు ఆయన్ని బదిలీ చేశారు. ఎందుకో ఊహించుకోవచ్చు. వెళుతూ, "ఇక నువ్వు చదవాలమ్మా" అన్నారు. మొదటిరోజు సిగ్గుతో చచ్చిపోయాను. తరువాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, బెల్లం కాలం వస్తే చాలు, చదివాను. ఏ కొత్త రుసుము కాగితం వచ్చినా, ముందు చివరి సందుకు వెళ్లి అడిగి వస్తే గాని కదిలేదాన్ని కాదు. నన్ను మొండిఘటం అనేవారు. అది ఆయన పోలికేనని నాకు గర్వంగా ఉండేది.

కాని రుసుము ఎత్తేసిన వారం పోలమ్మ నూతికి మళ్లీ మందు వెయ్యడానికి వెళ్లింది నేనే. ఆమె గడపలో కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పుతూ, "ఎంతమ్మా?" అంది.

"ఏమీ ఇవ్వక్కర్లేదు పోలమ్మా" అన్నాను.

ముడి విప్పుతున్న వేళ్లు ఆగిపోయాయి. నావైపు చూసి, "ఆ మాటేదో ఆ పొద్దే సెప్పుంటే..." అని ముడి మళ్లీ బిగించుకుంది. నేను తల దించుకుని నూతిలో మందు కలిపాను.