వెనక మోగిన విజిల్

బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు కదిలేముందు కండక్టరు విజిల్ ఊదుతాడు. ఆ చప్పుడు వినగానే నేను బస్సు వైపు చూడను. చుట్టూ ఉన్నవాళ్ళలో తల తిప్పనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చూస్తాను. ఇది ప్రసాదరావు మాస్టారు నాకు అంటించిన జబ్బు.

ఆయన దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. తొంభైల చివర్లో లెక్కల టీచరుగా నా మొదటి ఉద్యోగం అక్కడే. పిల్లలచేత గంతులు వేయించే మనిషికి చదువు సంగతి ఏం తెలుస్తుందన్నట్టు ఉండేది స్టాఫ్ రూములో అందరి వరస. నేనూ అందులో ఒకదాన్నే. ఉద్యోగం కొత్త, పొగరు మాత్రం కావలసినంత.

ఎనిమిదో తరగతిలో నాగమణి అని, చేపలు పట్టేవాళ్ళ పిల్ల ఉండేది. పెద్దవాళ్ళు తిడుతుంటే పిల్లలు తల దించుకుని నిలబడాలి కదా, ఇది మాత్రం తలెత్తి సూటిగా నా ముఖంలోకి చూసేది. ఒకరోజు బోర్డు మీద లెక్క రాస్తూ, వెనక్కి తిరగకుండానే దాన్ని జవాబు అడిగాను. పలకలేదు. దగ్గరికి వెళ్ళి మందలిస్తే రెప్ప వేయకుండా అదే చూపు. ఒళ్ళు మండి చెంప మీద కొట్టాను. మీ నాన్నను తీసుకొస్తేనే బళ్ళోకి రా అన్నాను. నాన్నా రాలేదు, పిల్లా రాలేదు. వారం దాటాక, దాన్ని బడి మాన్పించి చేపలు ఎండబెట్టే పనిలో పెట్టారని తెలిసింది.

"పొగరుబోతు పిల్ల, పోతే పోయింది" అన్నాను స్టాఫ్ రూములో. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఆ పిల్ల మీ కళ్ళలోకి చూట్టం లేదు మేడంగారూ, మీ నోటికేసి చూస్తంది. పరుగుపందెంలోనూ అంతేనండి. నేను వెనకనించి విజిలేస్తే కదల్దు. పక్కోళ్ళు పరిగెత్తాక, వాళ్ళని చూసి కదుల్తది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"నేనూ బద్ధకమే అనుకున్నానండి. మీరు కొట్టారని విన్నాకే ఆలోచించాను."

ఆ సాయంత్రం ఇద్దరం నాగమణివాళ్ళ పల్లెకు నడిచాం. ఇళ్ళు కనపడ్డాక ఆయన, "ఆ చెయ్యి కొంగులోంచి తియ్యండి మేడంగారూ. రేపు బోర్డు మీద రాయాల్సింది దాంతోనే కదా" అన్నారు. నా కుడిచెయ్యి కొంగులోకి ఎప్పుడు దూరిందో నాకే తెలియదు.

వాళ్ళ నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. "మళ్ళీ ఎందుకులెండి పంపడం, దెబ్బలు తినడానికా?" అన్నాడు నావైపు చూడకుండా. మాస్టారు వాదించలేదు. చేపలు ఆరేస్తున్న నాగమణి వెనక పది అడుగుల దూరంలో నిలబడి విజిల్ ఊదారు. కుక్కలు మొరిగాయి. అక్కడున్న ఆడవాళ్ళందరూ తిరిగి చూశారు. నాగమణి చేపలు తిరగేస్తూనే ఉంది. తండ్రి చేతిలోంచి వల జారిపోయింది. సముద్రం హోరులో అక్కడ అందరూ కేకలేసి, చేతులూపి మాట్లాడుకునేవాళ్ళే. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. గట్టిగా అరిస్తే కొంత వినపడుతుందని, విజిల్ లాంటి సన్నటి చప్పుళ్ళు అసలు అందవని తర్వాత బందరులో డాక్టరు చెప్పాడు.

నేను వెళ్ళి నాగమణి ఎదురుగా ఇసుకలో కూర్చున్నాను. "తప్పు నాదే. బడికి రా. ముందు బెంచీలో కూర్చుందువుగాని" అని నిదానంగా చెప్పాను. చివరి మాటదాకా నా పెదవులనే చూసింది. చూసి, అప్పుడు తల దించుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

సోమవారం వాళ్ళ నాన్నే తీసుకొచ్చి దిగబెట్టాడు.

మాస్టారు ఇప్పుడు లేరు. బోర్డు మీద రాయడం పూర్తిచేసి, సుద్దముక్క పక్కన పెట్టి, పిల్లల వైపు తిరిగాకే నోరు విప్పడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. తొందరపాటు మాత్రం పూర్తిగా పోలేదు. ఇంట్లోనో బళ్ళోనో ఎవరినైనా అనకూడని మాట అన్నప్పుడు, కుడిచెయ్యి తనంతట తనే కొంగులోకి పోతుంది. మాస్టారు పక్కన నడుస్తున్నట్టే ఉంటుంది. చెయ్యి బయటికి తీసి, వెళ్ళి ఆ మనిషి ఎదురుగా కూర్చుంటాను.